ఎర్న్‌స్ట్ రీట్షెల్: కవులకు కోటు తొడిగిన శిల్పి

ఎర్న్‌స్ట్ రీట్షెల్ (1804 డిసెంబరు 15 – 1861 ఫిబ్రవరి 21) జర్మన్ శిల్పి. శాక్సనీ రాజధాని డ్రెస్డెన్‌లో స్థిరపడి, దాదాపు ముప్పై ఏళ్ళు అక్కడి కళా అకాడమీలో పాఠం చెబుతూ పనిచేశాడు. వైమార్‌లో నాటకశాల ముందు పక్కపక్కన నిలబడ్డ గోథే, షిల్లర్‌ల కంచు విగ్రహం, బ్రౌన్‌ష్వైగ్‌లోని లెస్సింగ్ విగ్రహం, వోర్మ్స్‌లోని లూథర్ స్మారకం అతని పేరు నిలబెట్టిన పనులు. శిల్పి పేరు ఎన్నడూ విననివాళ్ళు కూడా ఆ వైమార్ జంటను ఏ పుస్తకం అట్ట మీదో, తపాలా బిళ్ళ మీదో చూసి ఉంటారు.

అతను ఉలి పట్టే నాటికి జర్మన్ రాజ్యాల్లో కూడలి విగ్రహమంటే ఎక్కువగా రాజుదో, సేనానిదో. ఆ దిమ్మెల మీదికి కవులు, చిత్రకారులు, మతసంస్కర్తలు, సంగీతకారులు ఎక్కడం అప్పుడప్పుడే మొదలవుతోంది. విటెన్‌బర్గ్‌లో 1821లో లూథర్, మైంజ్‌లో 1837లో అచ్చు యంత్రపు గుటెన్‌బర్గ్, స్టుట్‌గార్ట్‌లో 1839లో షిల్లర్, న్యూరెంబర్గ్‌లో 1840లో డ్యూరర్, ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1844లో గోథే వరసగా లేచారు. జర్మనీ అనే ఒకే దేశం అప్పటికి లేదు. ముప్పై పైచిలుకు రాజ్యాలుగా, స్వతంత్ర నగరాలుగా చీలి ఉన్న జనానికి ఉమ్మడిగా ఉన్నది భాష ఒక్కటే. అందుకని ఆ భాషలో గొప్పగా రాసినవాళ్ళే ఉమ్మడి రాజుల్లా కనబడ్డారు. దిమ్మె ఎక్కించడం వరకు బాగానే ఉంది. ఎక్కినవాడికి ఏ బట్టలు తొడగాలి? ఆ కాలపు శిల్పులకు ఇదే పెద్ద తగువు. రీట్షెల్ పనిని అర్థం చేసుకోవడానికి నాకు కనబడే తిన్నని దారి కూడా ఇదే.

తోలు సంచులు కుట్టే ఇంట్లో

రీట్షెల్ పుట్టింది డ్రెస్డెన్‌కి ఈశాన్యంగా ఉన్న పుల్స్‌నిట్స్ అనే చిన్న ఊళ్ళో. తండ్రి తోలు సంచులు, చేతి తొడుగులు కుట్టేవాడు, చర్చిలో కూడా ఒక చిన్న పని చూసేవాడు. ఇంట్లో లేమి. పుల్స్‌నిట్స్ నేటికీ మసాలా బెల్లపు రొట్టెలాంటి ఒక తీపి పదార్థానికి జర్మనీ అంతా పేరున్న ఊరు.

ఆ ఊరికి మనతో ఒక నిజమైన చుట్టరికం కూడా ఉంది. 1706లో తరంగంబాడిలో దిగిన తొలి ప్రొటెస్టెంట్ మిషనరీ బార్తొలొమేయస్ జీగెన్‌బాల్గ్ 1682లో పుట్టింది ఇక్కడే. తమిళంలోకి కొత్త నిబంధన తెచ్చి అచ్చు వేయించింది ఆయన. ఆయన పోయిన 1719లోనే తరంగంబాడి చేరి ఆ పని అందుకున్న బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకొని, స్వదేశం తిరిగి వెళ్ళాక హాలే పట్టణంలో 1740లలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు అచ్చు చరిత్ర చెప్పేవాళ్ళు మొదలుపెట్టేది అక్కణ్ణించే. లూథర్ మతం ఎంత దూరం ప్రయాణించిందో చెప్పడానికి ఈ ముక్క చాలు. పుల్స్‌నిట్స్‌లోనే నూట ఇరవై ఏళ్ళ తరవాత పుట్టిన పిల్లవాడే ఆ లూథర్‌కి అతి పెద్ద స్మారకం తలపెట్టాడు.

బడి చదువు అయ్యాక కుర్రవాణ్ణి ఒక వర్తకుడి దగ్గర పనికి పెట్టారు, అది కుదరలేదు. బొమ్మలు గీయడంలో చేయి తిరిగినవాడని తెలిసి 1820లో డ్రెస్డెన్ అకాడమీకి పంపారు. అక్కడ చేరింది చిత్రలేఖనం కోసం, శిల్పం కోసం కాదు. శిల్పం వైపు తిప్పింది కళ మీద మోజు అనేకంటే ఒక ఇనప కొలిమి అవసరం అనడం న్యాయం. శాక్సనీ మంత్రి, జమీందారు అయిన ఐన్‌జీడెల్‌కి లౌఖ్‌హామర్‌లో పోత కర్మాగారం ఉండేది. అక్కడ విగ్రహాలకు నమూనాలు చేసే మనిషి కావాలి. ఆయన రీట్షెల్ చదువు ఖర్చు భరించడానికి ఒప్పుకున్నాడు, చదువయ్యాక వచ్చి కొలిమిలో పనిచేయాలన్న లెక్కతో. నార్ట్‌హౌజెన్ పట్టణపు సంత ఫౌంటెన్ కోసం చేసిన సముద్ర దేవుడు నెప్ట్యూన్ విగ్రహం ఆ లౌఖ్‌హామర్ రోజులది. నలుగురు తిరిగే చోట అతని చేతి పని నిలబడటం అదే మొదలు. లౌఖ్‌హామర్ అన్న పేరు గుర్తుంచుకోండి, ఈ కథలో అది మళ్ళీ మళ్ళీ వస్తుంది.

1826లో బెర్లిన్‌కి, క్రిస్టియన్ డానియెల్ రౌఖ్ దగ్గరికి వెళ్ళాడు. రౌఖ్ అప్పటికే ప్రష్యాలో మొదటి వరస శిల్పి. ఆయన కూడా పేదింటివాడే. ఒకప్పుడు రాణి లూయిజె కొలువులో సేవకుడిగా ఉండి, తరవాత ఆ రాణి సమాధి మీది పాలరాతి ప్రతిమతోనే కీర్తి గడించినవాడు. గురువు శిష్యుణ్ణి కొడుకులా చూసుకున్నాడు. 1828లో న్యూరెంబర్గ్‌లో డ్యూరర్ మూడువందల వర్ధంతికి వెంట తీసుకెళ్ళాడు. మ్యూనిక్‌లో బవేరియా రాజు విగ్రహం పనిలో చేయి వేయించాడు. వీళ్ళిద్దరూ ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు తరవాత రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి.

బెర్లిన్ అకాడమీ పోటీలో రీట్షెల్ గెలిచాడు గాని, ప్రష్యా పౌరుడు కానందువల్ల ఇటలీ ప్రయాణపు వేతనం చేతికి రాలేదు. ఆ లోటు శాక్సనీ ప్రభుత్వం తీర్చింది. 1830లో ఇటలీ వెళ్ళి మరుసటి ఏడు తిరిగొచ్చాడు. 1832లో, ఇంకా ఇరవై ఎనిమిది నిండకుండానే, డ్రెస్డెన్ అకాడమీలో ఆచార్యుడయ్యాడు. కొలిమి పని నుంచి అలా విడుదల దొరికింది. గోథే కన్నుమూసింది ఆ ఏడు మార్చిలోనే.

మొదటి పనులు

స్వతంత్రంగా దొరికిన మొదటి పెద్ద పని రాజుగారిదే. శాక్సనీ మొదటి రాజు ఫ్రీడ్రిష్ ఆగస్ట్ 1827లో చనిపోయాడు. ఆయన కంచు విగ్రహం 1831లో రీట్షెల్ చేతికి వచ్చి, 1843లో గాని ఆవిష్కరణ కాలేదు. దుప్పటంత రాజవస్త్రం కప్పుకొని సింహాసనం మీద కూర్చున్న ముసలి రాజు, దిమ్మె మూలల్లో సుగుణాలకు గుర్తులైన ప్రతిమలు. ఓపికగా చేసిన పని, కానీ గురువు చాటు పని. పోత పోసింది లౌఖ్‌హామర్‌లో. మొదట డ్రెస్డెన్‌లోని జ్వింగర్ ముంగిట ఉండేది. తరవాత చోట్లు మారి ఇప్పుడు ష్లాస్‌ప్లాట్స్‌లో ఉంది.

అదే కాలంలో వాస్తుశిల్పి గాట్‌ఫ్రీడ్ సెంపర్ డ్రెస్డెన్‌లో కొత్త నాటకశాల కడుతున్నాడు. 1841లో తెరిచిన ఆ భవనానికి నుదుటి త్రికోణాల్లో శిల్పాలు, ముందువైపు కూర్చున్న గోథే, షిల్లర్‌ల ప్రతిమలు రీట్షెల్ చేశాడు. 1869లో నాటకశాల కాలిపోయింది. సెంపరే మళ్ళీ గీసిన రెండో భవనం ముఖద్వారానికి అటూ ఇటూ ఆ ఇద్దరు కవులూ ఇప్పటికీ కూర్చునే ఉన్నారు. విషాద నాటకానికి రూపమిచ్చిన త్రికోణ శిల్పం మాత్రం బౌట్సెన్ ఊరికి చేరి, నేడు అక్కడి కోటలోని నాటకశాలలో ఉంది. లైప్‌జిగ్ విశ్వవిద్యాలయపు అగస్టేయుమ్ భవనానికి మానవ నాగరికత మెట్లను చూపే ఉబ్బెత్తు శిల్పాల వరస చేశాడు. ఆ భవనాన్ని 1968లో తూర్పు జర్మనీ ప్రభుత్వం పేల్చి నేలమట్టం చేసింది. కట్టడానికి అతికిన శిల్పానికి ఆయుష్షు తరచూ కట్టడంతోనే.

అంగీయా, ఉత్తరీయమా

బట్టల తగువు రీట్షెల్‌తో పుట్టలేదు. 18వ శతాబ్దం చివర్లోనే బెర్లిన్ శిల్పి షాడో, ప్రష్యా సేనాని జీటెన్‌ని అతని అశ్వికదళపు దుస్తుల్లోనే చెక్కి నిలబెట్టాడు. ఎదుటి పక్షం వాదన కొట్టిపారేయదగ్గది కాదు. కోటు, గుండీలు, మేజోళ్ళు పదేళ్ళలో పాతబడిపోతాయి. గ్రీకు, రోమన్ ఉత్తరీయానికి కాలం లేదు. పైగా శిల్పికి కావలసిన మడతలు, నీడలు, బరువు అన్నీ ఉత్తరీయంలో ఉన్నాయి. బిగుతు పంట్లాంలో ఏముంది? స్టుట్‌గార్ట్‌లో థోర్వాల్డ్‌సెన్ చేసిన షిల్లర్ తల వంచుకొని నిండా వస్త్రం చుట్టుకొని ఉంటాడు. చూడటానికి గంభీరమే. అయితే అలా నిలబడ్డ మనిషి ఎవరైనా కావచ్చు.

రీట్షెల్ మొదటి తెగింపు లైప్‌జిగ్‌లో కనబడుతుంది. వ్యవసాయాన్ని శాస్త్రంగా నిలబెట్టిన ఆల్బ్రెష్ట్ టేర్ విగ్రహం 1850లో అక్కడ లేచింది. పంట మార్పిడి గురించి, ఎరువుల గురించి రైతులకు చెప్పిన మనిషిని రోమన్ సెనేటర్‌లా చూపితే నవ్వులపాలే. టేర్ తన కాలపు దుస్తుల్లో, పాఠం చెప్పే మనిషిలా నిలబడ్డాడు.

అసలు గెలుపు లెస్సింగ్‌ది. నాటకకర్త, విమర్శకుడు గాట్‌హోల్డ్ ఎఫ్రాయిమ్ లెస్సింగ్ 1781లో బ్రౌన్‌ష్వైగ్‌లో చనిపోయాడు. పుట్టింది కామెంట్స్‌లో, పుల్స్‌నిట్స్‌కి పక్క ఊరు అనదగ్గంత దగ్గర. 1840ల చివర్లో రీట్షెల్ ఈ విగ్రహానికి మట్టి నమూనా చేస్తూ పైన కప్పే వస్త్రాన్ని పూర్తిగా తీసేశాడు. బతికినన్నాళ్ళూ ఏదీ కప్పిపుచ్చని మనిషికి కప్పు ఎందుకన్నది అతని మాట. జర్మన్‌లో కప్పిపుచ్చడం అన్న క్రియ, పైన కప్పుకునే వస్త్రం పేరు ఒకే మాట నుంచి వచ్చాయి. తెలుగులోనూ ఆ చమత్కారం చెక్కుచెదరకుండా దిగింది. మామూలు కోటు, మోకాళ్ళ దాకా పంట్లాం, మేజోళ్ళు, తల పైకెత్తి ఎదుటివాడితో వాదనకు దిగబోతున్నట్టున్న చూపు. 1853 సెప్టెంబరు 29న ఆవిష్కరించారు. కంచు పోత పోసింది బ్రౌన్‌ష్వైగ్‌లోనే ఉన్న గెయోర్గ్ హోవాల్ట్.

నా లెక్కలో రీట్షెల్ పనులన్నిటిలో ఉత్తమమైనది ఇదే. వైమార్ జంటకు వచ్చినంత పేరు దీనికి రాలేదు. జంట కానందువల్ల కావచ్చు. ఆధారంగా పట్టుకోవడానికి ఉత్తరీయం లేనప్పుడు విగ్రహం నిలబడటం శిల్పంలో ఎంత కష్టమో తెలిసినవాళ్ళు మాత్రం లెస్సింగ్ దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు.

ఇక్కడ పని జరిగే తీరు కొంచెం చెప్పాలి. శిల్పి మొదట జానెడు మట్టి బొమ్మ చేస్తాడు. అది నచ్చితే దాన్ని పెంచి, కొలతలు సరిచూసి, చివరకు నిలువెత్తు మట్టి నమూనా నిలబెడతాడు. లోపల ఇనప ఊచల అస్థిపంజరం ఉంటుంది, మట్టి ఎండి పగలకుండా తడిగుడ్డలు చుడుతుంటారు. తరవాత దాని మీద అచ్చు తీసి ప్లాస్టర్‌లో పోస్తారు. కొలిమికి వెళ్ళేది ఆ ప్లాస్టర్ ప్రతి. అక్కడ ముక్కలు ముక్కలుగా కంచు పోసి, అతికి, అతుకులు కనబడకుండా ఉలితో చెక్కి నునుపు చేస్తారు. తడి మట్టి, ప్లాస్టర్ పొడి, చలి నేల. ఊపిరితిత్తులు జబ్బుపడ్డ మనిషికి ఇంతకంటే చెడ్డ వృత్తి ఉండదు. రీట్షెల్‌ది క్షయ. 1851–52 శీతకాలం ఒంటి కోసమని సిసిలీ వెళ్ళి గడిపాడు.

వైమార్ జంట

వైమార్ చిన్న సంస్థానం. కానీ గోథే అక్కడ యాభై ఏళ్ళకు పైగా కాపురమున్నాడు, షిల్లర్ చివరి రోజులు అక్కడే గడిపాడు. వాళ్ళ స్నేహం 1794లో గట్టిపడి 1805లో షిల్లర్ మరణంతో ముగిసింది. ఇద్దరికీ కలిపి ఒకే స్మారకం ఉండాలన్న ఆలోచన వచ్చినప్పుడు పని మొదట వెళ్ళింది రౌఖ్ దగ్గరికి. ఆయన 1849లో నమూనా చేశాడు. కవులిద్దరికీ ప్రాచీన వస్త్రాలే కట్టాడు. విగ్రహానికి కంచు ఇస్తానన్నది బవేరియా మాజీ రాజు లూట్‌విగ్. నవరీనో నౌకా యుద్ధంలో 1827లో పట్టుబడ్డ తురక ఫిరంగుల లోహం అది. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, వాళ్ళు తొడుక్కున్న బట్టలే తొడగాలని. రౌఖ్ తన మాట మార్చుకోలేదు. పని తన శిష్యుడికి ఇమ్మని సూచించి తప్పుకున్నాడు. గురువు తన నమ్మకాన్ని వదలకుండానే శిష్యుడికి దారి ఇవ్వడం అంత తేలికైన పని కాదు. 1852లో ఒప్పందం రీట్షెల్‌తో కుదిరింది.

ఒక మనిషి విగ్రహం కంటే ఇద్దరి విగ్రహం నాలుగింతలు కష్టం. ఎవరు ముందు, ఎవరు వెనక? ఎవరు ఎటు చూడాలి? చేతులు ఎక్కడ పెట్టాలి? రీట్షెల్ సమాధానం ఇది. గోథే కొలువుకు వెళ్ళే దుస్తుల్లో నిటారుగా నిలబడి సూటిగా ముందుకు చూస్తాడు. ఎడమ చేయి షిల్లర్ భుజం మీద. కుడి చేతిలో లారెల్ ఆకుల దండ. షిల్లర్ గుండీలు సరిగా పెట్టుకోని పొడుగు కోటులో, ఒక చేత కాగితపు చుట్ట పట్టుకొని, తల ఎత్తి ఎక్కడో దూరానికి చూస్తాడు. అతని కుడి చేయి దండ దాకా వచ్చి వేళ్ళు తాకీ తాకనట్టు ఉంటుంది. గోథే ఇస్తున్నాడా, ఇద్దరూ పంచుకుంటున్నారా, షిల్లర్‌కి ఆ దండ ధ్యాసే లేదా? నూట అరవై ఏళ్ళుగా చూసినవాళ్ళు తలా ఒకటి చెబుతున్నారు. ఆ అనుమానం నిలిచేలా చేతిని అక్కడే ఆపడం శిల్పి తెలివి.

ఒక అబద్ధం కూడా ఆడాడు. షిల్లర్ దాదాపు ఆరడుగుల మూడంగుళాల మనిషి, గోథే ఐదున్నర అడుగులకు కాస్త ఎక్కువ. విగ్రహంలో ఇద్దరిదీ ఒకే ఎత్తు. బట్టల్లో నిజం పట్టుబట్టిన మనిషి ఎత్తులో సర్దుకున్నాడు. ఉన్నదున్నట్టు చేసి ఉంటే గోథే చేయి మిత్రుడి భుజం అందుకోవడానికి పాట్లు పడేది, చూసేవాడికి నవ్వొచ్చేది.

పోత మ్యూనిక్ రాజ కర్మాగారంలో ఫెర్డినాండ్ ఫాన్ మిల్లర్ చేశాడు. 1857 సెప్టెంబరు 4న, ఇద్దరు కవులనూ ఆదరించిన కార్ల్ ఆగస్ట్ ప్రభువు నూరో జయంతి వేడుకల్లో ఆవిష్కరణ జరిగింది. అదే రోజు వైమార్‌లో మరో కవి వీలాండ్ విగ్రహం, హాన్స్ గాసర్ చేసినది, ముసుగు తీశారు. మర్నాడు ఫ్రాంజ్ లిస్ట్ తన ఫౌస్ట్ సింఫనీని మొదటిసారి వినిపించాడు. దిమ్మె మీద ఉన్న రాత సారం, ఈ కవుల జంటకు మాతృభూమి ఇచ్చిన కానుక అని. ఆ మాతృభూమి ఒక రాజ్యంగా ఏర్పడటానికి ఇంకా పద్నాలుగేళ్ళు పట్టింది. ఆవిష్కరణ జరిగిన మూడు నెలలకు, డిసెంబరు 3న, రౌఖ్ శిష్యుడి ఊరైన డ్రెస్డెన్‌లోనే కన్నుమూశాడు. గురువు ముఖాన్ని రీట్షెల్ ఆ ఏడే ప్రతిమగా చేసి ఉంచాడు.

తరవాతి చరిత్ర విగ్రహం చుట్టూ జరిగింది. 1919 ఫిబ్రవరిలో జర్మనీ తొలి గణతంత్రపు జాతీయ సభ కూడింది ఈ విగ్రహం వెనక ఉన్న నాటకశాలలోనే. రెండో ప్రపంచయుద్ధంలో విగ్రహం చుట్టూ గోడ కట్టి దాచారు. 1945లో బాంబులకు నాటకశాల దెబ్బతిన్నా జంట మిగిలింది. అమెరికాకు వలసపోయిన జర్మన్లు తమ ఊళ్ళలో ఇలాంటిదే కావాలనుకున్నారు. 1901లో శాన్ ఫ్రాన్సిస్కో, 1907లో క్లీవ్‌లాండ్, 1908లో మిల్వాకీ, 1911లో సిరక్యూస్ ఈ జంట ప్రతులు నిలబెట్టుకున్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో ప్రతిని పోత పోసింది ఎక్కడనుకున్నారు? లౌఖ్‌హామర్‌లో.

ఇల్లు, స్నేహాలు, మిగతా పనులు

డ్రెస్డెన్ 1840లలో మంచి సందడిగా ఉండేది. సెంపర్, రిచర్డ్ వాగ్నర్, షూమన్ దంపతులు ఆ ఊళ్ళో ఉన్నారు. రాబర్ట్, క్లారా షూమన్‌ల ముఖాలను పక్క నుంచి చూపే జంట పతకం రీట్షెల్ 1846లో చేశాడు. సంగీత పుస్తకాల్లో దాని బొమ్మ ఇప్పటికీ కనబడుతుంది. 1849 మే తిరుగుబాటు ఈ గుంపును చెదరగొట్టింది. సెంపర్, వాగ్నర్ దేశం విడిచి పారిపోయారు. రీట్షెల్ ఊళ్ళోనే ఉండిపోయాడు.

ఇంట్లో చావులు వదల్లేదు. నాలుగుసార్లు పెళ్ళాడాడు. మొదటి ముగ్గురు భార్యలూ అతని కళ్ళముందే పోయారు. రెండో భార్య షార్లొట్టె, వైద్యుడూ చిత్రకారుడూ అయిన కార్ల్ గుస్తావ్ కారుస్ కూతురు. మూడో భార్య 1847లో పోయింది. ఆ ఏడే పుట్టిన కొడుకు హెర్మాన్ పెద్దయ్యాక ఇంజినీరై, భవనాలను వేడిగా ఉంచడం, గాలి ఆడేలా చేయడం అనే విద్యను బెర్లిన్ సాంకేతిక విద్యాలయంలో శాస్త్రంగా బోధించాడు. ఆ రంగానికి ఆద్యుడిగా ఇంజినీర్లు తలుచుకునే రీట్షెల్ ఇతనే. మరో కొడుకు గెయోర్గ్ మతశాస్త్ర పండితుడయ్యాడు.

ఆ కష్టకాలంలోనే పోట్స్‌డామ్‌లోని శాంతి చర్చి కోసం ప్రష్యా రాజు అడిగిన పియెటా, అంటే చనిపోయిన క్రీస్తును, తల్లి మేరీని చూపే శిల్పం, పని నడిచింది. మికెలాంజెలో మేరీ కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకుంటుంది. రీట్షెల్ మేరీ శవం పక్కన మోకరిల్లుతుంది. బరువు మోయడం లేదు, బరువును చూస్తోంది. భక్తి శిల్పాలు అతను ఇంకా చేశాడు గాని వాటిలో నిలిచేది ఇదే.

బ్రౌన్‌ష్వైగ్ రాజభవనం నెత్తి మీది నాలుగు గుర్రాల రథం కథ వేరు. నగర దేవత బ్రూనోనియా తోలే ఆ రథానికి నమూనా రీట్షెల్‌ది, చేత హోవాల్ట్‌ది. ఇది పోత కాదు. రాగి రేకులను సుత్తితో మలిచి అతికినది. అంత ఎత్తున పోత విగ్రహం బరువు కట్టడం మోయలేదు. మొదటి రథం 1865లో భవనంతో పాటు కాలిపోయింది. 1868లో రెండోది ఎక్కించారు. రెండో ప్రపంచయుద్ధం తరవాత అదీ పోయింది, 1960లో భవనాన్నే కూల్చేశారు. ఈ శతాబ్దంలో అదే చోట పాత ముఖభాగాన్ని తిరిగి కట్టి వెనక పెద్ద దుకాణ సముదాయం పెట్టారు. 2008 నుంచి దాని మీద మూడో రథం పరుగెడుతోంది.

1860 అక్టోబరు 11న డ్రెస్డెన్‌లో సంగీతకారుడు కార్ల్ మరియా ఫాన్ వేబర్ విగ్రహం ఆవిష్కరణ అయింది. శిల్పి బతికుండగా ముసుగు తీసిన పెద్ద పనుల్లో ఇది చివరిది. కోటు మీద ఒక వస్త్రం మళ్ళీ కనబడుతుంది. మనిషి బక్కపల్చన, కాలు కుంటి. ఆ లోపాన్ని మరుగుపరచడానికి ఉత్తరీయం అక్కరకొచ్చిందని అనిపిస్తుంది. లెస్సింగ్ దగ్గర వద్దన్నదే వేబర్ దగ్గర దయగా మారింది.

వోర్మ్స్

1521లో మార్టిన్ లూథర్ చక్రవర్తి ఎదుట నిలబడి తన రాతలను వెనక్కి తీసుకోనన్నది వోర్మ్స్‌లో. అక్కడ స్మారకం కట్టాలని 1856లో ఒక సంఘం ఏర్పడింది. వాళ్ళు ఒక్క విగ్రహం అనుకుంటే రీట్షెల్ ఒక కోటనే ఆలోచించాడు. దేవుణ్ణి కోటతో పోల్చిన లూథర్ కీర్తన అందుకు మూలమంటారు. చతురస్రపు అరుగు, మూడు వైపులా కోటగోడలా బురుజు పళ్ళు, మధ్యన ఎత్తయిన దిమ్మె మీద లూథర్. ఆయన పాదాల దగ్గర ఆయనకు ముందు చర్చిని ఎదిరించిన నలుగురు: వాల్డో, విక్లిఫ్, హుస్, సవొనరోలా. మూలల్లో అండగా నిలిచిన ఇద్దరు ప్రభువులు, ఇద్దరు పండితులు. గోడల మీద కూర్చున్న మూడు స్త్రీ మూర్తులు మూడు నగరాలు. ఏడుస్తున్నది మాగ్డెబర్గ్, విశ్వాసం చాటుతున్నది ఔగ్స్‌బర్గ్, అభ్యంతరం చెబుతున్నది ష్పేయర్.

బట్టల ప్రశ్న ఇక్కడా వచ్చింది. వోర్మ్స్‌లో నిలబడ్డ నాటికి లూథర్ సన్యాసి. చరిత్రకు కట్టుబడితే సన్యాసి అంగీ వేయాలి. రీట్షెల్ ఆయనకు తరవాతి కాలపు బోధకుడి పొడవాటి నిలువుటంగీ వేశాడు. ఎడమ చేతిలో మూసిన బైబిల్, దాని మీద బిగించిన కుడి పిడికిలి. చరిత్రలోని ఒక గంటను కాక మనిషి మొత్తాన్ని చూపాలనుకున్నాడు. తన సొంత సూత్రాన్ని తానే సడలించుకున్నాడనీ అనొచ్చు. ఆ లూథర్‌ని చూశాక ఆ తప్పు పట్టాలనిపించదు.

స్మారకం పూర్తి కాకుండానే 1861 ఫిబ్రవరి 21న రీట్షెల్ చనిపోయాడు. అప్పటికి అతని చేతి మీదుగా తయారైనవి లూథర్, విక్లిఫ్ మాత్రమే. మిగతావి శిష్యులు డోన్‌డోర్ఫ్, కీట్స్, షిల్లింగ్ పంచుకున్నారు. పోత లౌఖ్‌హామర్‌లో. 1868 జూన్ 25న ప్రష్యా రాజు విల్‌హెల్మ్ సమక్షంలో ఆవిష్కరణ జరిగింది. శ్రద్ధగా చూస్తే చేతులు మారిన తేడా తెలుస్తుంది, కొన్ని మూర్తుల్లో గురువు పొదుపు లేదు. పైగా ఇంతమందిని ఒక్క అరుగు మీద పోగు చేయడం వల్ల కన్ను ఒకచోట నిలవదు. లెస్సింగ్‌లో ఉన్న బిగువు ఇక్కడ లేదన్నది నిజం. ఆ లూథర్ మూర్తి ఒక్కటీ విడిగా ప్రపంచమంతా తిరిగింది. 1884లో వాషింగ్టన్‌లో ఒక చర్చి ముందు నిలిచింది. 1885లో డోన్‌డోర్ఫ్ చేతి మీదుగా డ్రెస్డెన్ ఫ్రావెన్‌కిర్షె ముందుకూ వచ్చింది. 1945 ఫిబ్రవరి బాంబుదాడిలో అది దిమ్మె మీద నుంచి పడిపోయింది. కూలిన చర్చి రాళ్ళ ముందు వెల్లకిలా పడి ఉన్న లూథర్ ఫొటో ఆ విధ్వంసానికి గుర్తుగా మిగిలింది. పదేళ్ళకు తిరిగి నిలబెట్టారు.

తరవాత

రీట్షెల్ శిష్యుల వరసను డ్రెస్డెన్ సంప్రదాయం అంటారు. యోహానెస్ షిల్లింగ్ రైన్ నది పైన నీడర్‌వాల్డ్ కొండ మీద జర్మనియా విగ్రహం చేశాడు, 1883లో ఆవిష్కరణ. డోన్‌డోర్ఫ్ బాన్‌లో షూమన్ సమాధి మీది స్మారకం చేశాడు. శతాబ్దం చివరికి విగ్రహాలు ఇంకా పెద్దవయ్యాయి, రెక్కలు, సింహాలు, జెండాలు పెరిగాయి. రీట్షెల్ నిగ్రహం పాతబడిపోయింది. తన బాల్యం గురించి తాను రాసిపెట్టుకున్న జ్ఞాపకాలను ఆండ్రియాస్ ఓపర్‌మాన్ 1863లో జీవిత చరిత్రతో కలిపి అచ్చు వేయించాడు. శిల్పాల సంగతి అటుంచి, ఒక పేదింటి కుర్రవాడి కథగా కూడా అది చదవదగ్గదే.

అతని పనులు చూడాలనుకునేవాళ్ళు డ్రెస్డెన్‌తో మొదలుపెట్టడం మంచిది. థియేటర్‌ప్లాట్స్‌లో ఒపెరా ద్వారం దగ్గర గోథే, షిల్లర్ కూర్చుని ఉంటారు, అక్కడే వేబర్ నిలబడి ఉంటాడు. నాలుగడుగులు వేస్తే ష్లాస్‌ప్లాట్స్‌లో ముసలి రాజు. అక్కణ్ణించి మెట్లెక్కితే బ్రూల్ టెర్రస్. ఒకప్పుడు రీట్షెల్ పని చేసుకున్న చోట 1876లో షిల్లింగ్ తన గురువుకు కట్టిన స్మారకం అక్కడుంది. దిగి నోయ్‌మార్క్ట్ వైపు వెళితే లూథర్. మొత్తం కాలినడకన పావుగంట దారి.